మూత తియ్యొద్దు, చెవితోనే చెబుతా

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా నేరం ఒక్కడి నెత్తినే పడేది. కళ్ళజోడు కనపడకపోయినా, కత్తెర కనపడకపోయినా, ఆఖరికి కుక్కరు విజిలు కనపడకపోయినా సరే, అక్క నడుం మీద చెయ్యి వేసుకుని, "పెడల్ పోగొట్టినవాడికి విజిలొక లెక్కా!" అనేది.

ఆ పోగొట్టినవాడు ఆమె తమ్ముడు. ఊళ్ళో వినికిడి మిషన్లు అమ్ముతాడు కాబట్టి అందరూ అతణ్ణి 'చెవులు' అంటారు. మర్యాద తెలిసినవాళ్ళు 'చెవులుగారు' అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన మాట వినపడనివాళ్ళతోనే మాట్లాడే వ్యాపారం కావడంతో గొంతు మైకులా తయారైంది. చెవులు మాత్రం పాము చెవులు. పక్కింట్లో ఫ్యాను బేరింగు అరిగితే వాళ్ళకన్నా ముందు ఇతనికి తెలిసేది. అటువంటి చెవులకి అక్క నోటి నుంచి వారానికి రెండుసార్లు ఆ ఒక్క మాటా వినక తప్పడం లేదు. పెడచెవిన పెడదామన్నా, ఉన్న రెండు చెవుల్లోనూ పెడలే ఉంది.

పెడలంటే సైకిలుది కాదు. గిటారుకీ స్పీకరుకీ మధ్యన, కాలిదగ్గర పెట్టుకునే ఇనప డబ్బా. దాని మీద ఒక మీట ఉంటుంది. తొక్కకపోతే గిటారు బుద్ధిమంతుడిలా టింగుమంటుంది. తొక్కితే ఆ టింగుని పట్టుకుని చింపి, రేపి, గొంతు బొంగురు చేసి గుర్రుమనిపిస్తుంది. దాన్ని ఫజ్ పెడల్ అంటారు. శుభ్రంగా ఉన్న శబ్దాన్ని పాడుచెయ్యడానికి ఒక యంత్రమా అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. శబ్దం పాడైతేనే పాట పుడుతుందని అక్క వాదన.

అక్క ఆ రోజుల్లో బ్యాండులో గిటారు వాయించేది, బావ డ్రమ్ములు వాయించేవాడు. పెళ్ళయ్యాక వాయించడం మొత్తం అక్కే తీసుకుంది. తమ్ముడు సామాను మోసేవాడు. టౌనుహాల్లో ఆఖరి ప్రోగ్రాము అయ్యాక వైర్లు చుట్టి, సంచులు సర్ది, స్టేజి నేలంతా రెండుసార్లు వెతికి మరీ బయల్దేరాడు. ఇంటికొచ్చి సంచి తెరిస్తే అన్నీ ఉన్నాయి, పెడల్ లేదు. తెల్లారి వెళ్తే హాలు కాపలావాడు చేతులు తిప్పేశాడు.

తర్వాత అక్క వేరే పెడళ్ళు మూడు కొంది. మూడింటినీ ఎవరెవరికో ఇచ్చేసింది. "ఇవి పెడళ్ళు కావురా, పెడబొబ్బలు" అంది. గిటారు మానలేదు గాని, ఆ పాటలు మానేసింది. ఎవరైనా అడిగితే, "గొంతు పోయింది" అనేది. అడిగినవాళ్ళు ఆవిడ గొంతే అనుకుని వేడినీళ్ళు తాగమని సలహా ఇచ్చి వెళ్ళేవారు.

*

ఒక బుధవారం చెవులు కొట్టుకి పళ్ళ డాక్టరు వచ్చాడు. పాతికేళ్ళు డ్రిల్లు మిషను పక్కన నిలబడి పళ్ళు తొలిచీ తొలిచీ ఆయన కుడిచెవి మొరాయించింది. పరీక్ష జరుగుతుండగా మాటల్లో, తనకి పాత పెడళ్ళు పోగేసే పిచ్చి ఉందన్నాడు.

"టౌనుహాలు పడగొట్టారు కదండీ, స్టోరులో బీరువా సామానంతా అమ్మేశారు. అందులో ఒక ఫజ్ దొరికింది. అదే కంపెనీవి రెండు నా దగ్గర ముందే ఉన్నాయి. ముచ్చటగా మూడయ్యాయి."

చెవులు చేతిలోని మిషను బల్ల మీదికి జారిపడింది. "హాల్లోదా? ఏ రంగు?"

"రంగు గుర్తులేదండీ. మూడింటికీ తెల్లరంగు వేయించేశాను."

"తెల్లరంగా! పాత పెడళ్ళకా!"

"పళ్ళ డాక్టర్ని కదండీ. పసుపచ్చగా కనపడితే చెయ్యి ఊరుకోదు."

విషయమంతా విన్నాక పళ్ళ డాక్టరు మెత్తబడ్డాడు. మంచివాడే గాని నియమాల మనిషి. "మీ అక్కగారిదే అయితే ఆవిడకే ఇచ్చేస్తాను. ఒకరు పోగొట్టుకున్నది నా అద్దాల బీరువాలో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. కానీ ఇప్పటికే ఇద్దరొచ్చి మాదంటే మాదన్నారు. గుర్తు చెప్పమంటే నీళ్ళు నమిలారు. లోపల ఏదైనా గుర్తుందా? మూతలు నేనెప్పుడూ తియ్యలేదు, బ్యాటరీలు రిపేరతనే వేశాడు. తీసి చూద్దామా?"

"వద్దొద్దొద్దు!" అన్నాడు చెవులు. బయట రోడ్డు మీద పోతున్న సైకిలాయన బ్రేకు వేశాడు. "మూత తీస్తే సౌండు పోతుందండీ! గాలి తగిలితే... ఆ... లోపలి పాతగాలి పోతుంది. మూత తియ్యొద్దు, చెవితోనే చెబుతా!"

లోపల గుర్తు ఉంది. చెరిగిపోని గుర్తు. అదే అతని బాధ.

ఆ పెడల్లో బ్యాటరీ వదులుగా ఉండి గలగలమనేది. ఇరవయ్యేళ్ళప్పుడు ఒకరోజు చెవులు ఒక కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి బ్యాటరీ పక్కన కూరాడు. ఒక్క దెబ్బకి గలగల ఆగింది, కాగితమూ దాగింది. ఎందుకంటే అది అతని కాలేజీ మార్కుల కాగితం. ఇంట్లో అందరికీ పాసయ్యానని చెప్పాడు. తప్పింది భౌతికశాస్త్రం. అందులోనూ ధ్వని. ఇవాళ ఊరి మొత్తానికీ ధ్వని గురించి చెబుతున్న మనిషి! ఆ పాసైన సంతోషంలో అక్క అతనికి చేతిగడియారం కొనిపెట్టింది. అది ఇప్పటికీ అతని చేతికే ఉంది, ఇప్పటికీ టిక్కుటిక్కుమని గుర్తు చేస్తూనే ఉంది.

"చెవితోనా?" పళ్ళ డాక్టరు కళ్ళు మెరిశాయి. "అబ్బ, అదీ పద్ధతంటే! హాలుది ఏదో నాకు తెలుసు, అడుగున చిన్న చుక్క పెట్టుకున్నాను. మీ అక్కగారు వాయించాలి, మీరు కళ్ళకి గంతలు కట్టుకుని చెప్పాలి. ఒక్కసారే. చుక్కది పట్టుకుంటే పట్టుకెళ్ళండి. తప్పితే ఇంక అడక్కూడదు. సరేనా?"

"సరే" అన్నాడు చెవులు. అనేశాక గుండె గుర్రుమంది.

*

పరీక్ష పెట్టుకున్న ఆదివారం దాకా మూడు రోజులూ ఆ ఇల్లు ఇల్లులా లేదు, కందిరీగల గూడులా ఉంది. అసలా సౌండు ఎలా ఉండేదో ముందు తేల్చుకోవాలి కదా! అక్కా తమ్ముడూ వంటింట్లో ఎదురెదురుగా నిలబడి నోళ్ళతో వాయించుకున్నారు.

"ఝుయ్‌య్‌య్‌య్..." అన్నాడు తమ్ముడు.

"కాదురా మొద్దూ. ఘ్ర్‌ర్‌ఝుమ్‌మ్‌మ్. మొదట గరుకు, లోపల మెత్తన. తేనెపట్టుని రంపంతో కోసినట్టుండేది."

"నేను చెప్పేదీ అదే. ఏనుగు దుప్పటి కప్పుకుని జోలపాట పాడినట్టు."

"ఏనుగేమిట్రా, నా పెడల్ని పట్టుకుని! ఏవండీ, మీరు చెప్పండి, ఎలా ఉండేది?"

బావ ఆ పాటికే చెవుల్లోంచి రెండు మిషన్లూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. పెడల్ మాటెత్తితే చాలు, ఆయన అంతే. మిషన్లు రాకముందు రోజుల్లో ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళేవాడు. మిషన్లు వచ్చాక ఉన్నచోటనే పెరట్లోకి వెళ్ళే సౌకర్యం దొరికింది.

"ఈయనొకరు" అంది అక్క. "డ్రమ్ములు వాయించి చెవులు పోగొట్టుకున్నారు, నువ్వు చెవులుండి పెడల్ పోగొట్టావు. నా చుట్టూ అన్నీ పోగొట్టేవాళ్ళే."

మాట కరుకే గాని, మూడు రోజులుగా అక్క కొత్త తీగలు బిగిస్తూ, వేళ్ళు విరుచుకుంటూ, పాత పాటలు గుర్తున్నాయో లేదో చూసుకుంటూ నడివయసు నెత్తిన పెట్టుకుని గంతులేస్తోందని చెవులు గమనించాడు. అది చూశాక అతనికి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. తప్పితే ఈ గంతులన్నీ ఏమైపోతాయి?

*

ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు ఆస్పత్రికి సెలవు. అక్కా బావా తమ్ముడూ గాజు తలుపు తియ్యగానే లవంగనూనె వాసన, దాని వెనక ఏసీ చలి. పళ్ళు చూపించుకోకుండానే పళ్ళు కొట్టుకునేంత చలి. ముందుగదిలో డాక్టరు ఒక రిజిస్టరు చాపాడు.

"లోపలికొచ్చే ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలండీ. పన్నుకైనా, పెడలుకైనా."

అక్క సంతకం పెట్టింది. ఆవిడ సంతకం చివర తెగిన గిటారు తీగలాగ ఒక పొడుగాటి తోక చుట్టలు చుట్టుకుని కిందికి జారుతుంది. రిజిస్టరులో కింది వరస కూడా ఆ తోకకే సరిపోయింది.

లోపలిగదిలో పళ్ళకుర్చీ తప్ప కూర్చోడానికి ఇంకోటి లేదు. అక్క అందులోనే గిటారుతో ఎక్కింది. డాక్టరు అలవాటు కొద్దీ మీట నొక్కాడు. కుర్చీ వెనక్కి వాలింది.

"డాక్టరుగారూ, నేను వాయించాలా, మీరు పీకాలా?"

"క్షమించండి మేడమ్" అని డాక్టరు కుర్చీని పైకి లేపాడు. ఎదురుగా మూలన పాత వాల్వుల యాంప్ ఉంది, గిటారు సౌండు పెంచే సూట్‌కేసంత పెట్టె. గంటన్నర ముందే వేసి ఉంచాడట, ముందు పలక వెనక వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. పనిముట్లు పెట్టే స్టీలు పళ్ళెంలో మూడు పెడళ్ళు, మూడు పెద్ద దంతాల్లా తళతళ మెరుస్తున్నాయి. పైన అరలో రోగుల పళ్ళ అచ్చులు, పాలరాతి రంగులో, వరసగా ఇకిలిస్తున్నాయి.

"ఆఖరిసారి అడుగుతున్నా మేడమ్" అన్నాడు డాక్టరు. "లోపల గుర్తేమైనా ఉందా? ఉంటే ఈ తంటా అంతా ఎందుకు, మూత తీసి చూసేద్దాం."

చెవులు ఊపిరి బిగబట్టాడు. అక్క ఒక్కక్షణం తమ్ముడి వైపు చూసి, తర్వాత పైనున్న పెద్ద లైటు వైపు చూసింది.

"అబ్బే" అంది. "గుర్తేముంటుందండీ, డబ్బాలో."

బావ మిషన్లు తీసి జేబులో వేసుకున్నాడు. డాక్టరు రోగుల మెడకి కట్టే తువ్వాలు తీసి చెవులు కళ్ళకి కట్టాడు.

సౌండు తూకం వెయ్యడంలో చెవులుకి మూడు పరీక్షలున్నాయి. మొదటిది ప్రాణం పోయే పరీక్ష. ఒక్క తీగ మీటి వదిలేస్తే ఆ స్వరం ఎలా చస్తుంది? మంచి పెడల్లో స్వరం ముసలి ధనవంతుడిలా నిదానంగా, అందరికీ అన్నీ చెప్పుకుంటూ పోతుంది. రెండోది కాపురం పరీక్ష. రెండు తీగలు కలిపి మీటితే రెండూ విడివిడిగా వినపడుతూ కలిసుంటున్నాయా, లేక ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయా? మూడోది మర్యాద పరీక్ష. గిటారు మీది వాల్యూము తగ్గిస్తే గరుకంతా విడిచేసి గాజుగిన్నెలా టింగుమనాలి. పెద్దగొంతు తగ్గించమంటే తగ్గించే మర్యాద పెడలుకీ ఉండాలి. అది చెవులుకే లేదని అక్క అంటుంది, అది వేరే సంగతి.

"ఒకటి" అన్నాడు డాక్టరు.

అక్క మీటింది. కీఇఇఇ... అంది. రేకుడబ్బాలో దోమని పెట్టి ఊపినట్టుంది. స్వరం నిదానంగా చావడం అటుంచి, పుట్టిందో లేదో తెలిసేలోపు గుటుక్కుమంది. రెండు తీగలు కలిపితే రెండు దోమలయ్యాయి. చెవులు పెదవి విరిచాడు.

"రెండు."

ఝుమ్‌మ్‌మ్! బొద్దుగా వచ్చింది. గుండెల మీద దిండు పెట్టి అదిమినట్టు. ప్రాణం నెమ్మదిగానే పోయింది, కాపురమూ బాగానే ఉంది. వాల్యూము తగ్గిస్తే కాస్త మొండికేసింది గాని, వయసు మళ్ళింది కదా, ఆ మాత్రం ఉంటుందిలే అని చెవులు సర్దిచెప్పుకున్నాడు.

"మూడు."

సోడా గడగడా తాగినవాడి తేన్పు లాగ బ్రేవ్‌ర్‌ర్‌ర్! అక్క కుర్చీలోంచే నవ్వేసింది. డాక్టరూ నవ్వాడు. గంతల వెనక చెవులూ నవ్వాడు. బావకి వినపడలేదు గాని, అందరూ నవ్వుతున్నారు కదా అని ఆయనా నవ్వాడు.

"ఇంకోసారి వాయించు అక్కా, వరసగా." దోమ. దిండు. తేన్పు. అక్కకీ తేలడం లేదని చెవులుకి ఆ మీటడంలోనే తెలిసిపోతోంది. మూడింటిలో ఏదీ తేనెపట్టు కాదు, ఏదీ ఏనుగు కాదు. అయినా ఇన్నేళ్ళకి తేనె గడ్డకట్టదా, ఏనుగు ముసలిది కాదా?

"రెండోది" అన్నాడు చెవులు. "నా చెవుల సాక్షిగా రెండోదే."

డాక్టరు రెండోదాన్ని వెల్లకిలా తిప్పాడు. చెవులు గంతలు లాగేసి చూశాడు. అడుగున తెల్లరంగు తప్ప చుక్క లేదు.

"అయ్యో" అన్నాడు డాక్టరు. నిజంగానే బాధపడ్డాడు. "ఒక్కసారే అనుకున్నాం కదండీ..."

అక్క గిటారు నుంచి వైరు పీకింది. నెమ్మదిగా చుట్టింది. ఇప్పుడు అంటుంది, ఇంకో ఇరవై తొమ్మిదేళ్ళకి సరిపడా అంటుంది అనుకుని చెవులు మెడ వంచాడు.

"పోనీలేరా" అంది అక్క.

ఒక్క ముక్క. వెటకారం లేదు, నడుం మీద చెయ్యి లేదు. కొత్త తీగలున్న గిటారుని గుడ్డసంచిలోకి, పసిదాన్ని పడుకోబెట్టినట్టు దించుతోంది. చెవులు చెవులకి జీవితంలో ఏ శబ్దమూ అంత నొప్పి పెట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికి వెళ్ళి అన్నం తినేవాడు.

పళ్ళ ఆస్పత్రికి వచ్చినవాడు ఎవడైనా ఆఖరికి నోరు తెరవాల్సిందే.

"మూత తియ్యండి" అన్నాడు చెవులు.

"తీస్తే సౌండు పోతుందన్నారు?"

"పోయేది సౌండు కాదండీ, నా పరువు. లోపల నా మార్కుల కాగితముంది. తప్పాను. పాసయ్యానని అబద్ధం చెప్పి అందులో దాచాను. తీయండి, ఏ దాంట్లో ఉంటే అది మా అక్కది. పరువు నాకు వద్దు, పెడల్ ఆవిడకిచ్చెయ్యండి!"

మైకు గొంతు కదా, గాజు తలుపు కూడా విన్నది. అక్క మాత్రం చుట్టిన వైరుని మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

డాక్టరు మాట తప్పడమా, మూత తియ్యడమా అని అరనిమిషం తటపటాయించి, "మాట సౌండు గురించి ఇచ్చాం, కాగితం గురించి కాదు" అని తనకి తనే నచ్చచెప్పుకుని సన్నటి స్క్రూడ్రైవరు తీశాడు. మూడోది తీస్తే బ్యాటరీ. రెండోది తీస్తే బ్యాటరీ. ఒకటోది, దోమది, అడుగున చుక్కున్నది తీశాడు. బ్యాటరీ పక్కన ఎనిమిది మడతల కాగితం, అరిగిన పన్నులా పసుపచ్చగా.

రెండు పట్టకార్లతో విప్పి, ఎక్స్‌రే చూసినట్టు లైటు కింద పట్టుకుని చదివాడు. "భౌతికశాస్త్రం. ధ్వని, ఉష్ణం. నూటికి... పదకొండు."

"పదకొండా?" అన్నాడు బావ. మిషన్లు ఎప్పుడు పెట్టుకున్నాడో ఎవరూ చూడలేదు.

"నెమ్మదిగా చదవచ్చు కదండీ" అన్నాడు చెవులు.

"ఇంకా ఉందండీ. కింద... సంరక్షకుల సంతకం."

"లేదండీ. అది నేను ఎవరికీ చూపించనిదే..."

"ఉందండీ. ఆకుపచ్చ సిరా."

చెవులు వంగి చూశాడు. సంతకం చివర తెగిన తీగలాంటి తోక, చుట్టలు చుట్టుకుని కాగితం అంచుదాకా జారి, చోటు చాలక మళ్ళీ పైకి ఎక్కింది. డాక్టరు పరుగున వెళ్ళి రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టాడు. రెండు తోకలూ ఒకే పాముకి పుట్టినట్టున్నాయి.

"అక్కా!"

"ఏంట్రా అరుపు" అంది అక్క. "నెలకోసారి బ్యాటరీ మార్చేది ఎవరనుకున్నావు, కాపలావాడా? రెండో నెలలోనే దొరికింది. సంతకం పెట్టి మళ్ళీ అక్కడే పెట్టాను. నువ్వే తీసుకుంటావు, చూసి సిగ్గుపడతావు, కాలేజీలో ఇస్తావు అనుకున్నా. నువ్వెక్కడ తీశావు! ఈలోపు ఏకంగా పెడలే పోయింది."

"మరి ఆ చేతిగడియారం? అది పాసయ్యానని కదా కొన్నావు!"

"తప్పావని కొన్నాను. ఈసారైనా టైముకి లేచి చదువుతావని."

చెవులు నోరు తెరుచుకునే ఉండిపోయాడు. డాక్టరు అలవాటు కొద్దీ లోపలికి తొంగిచూసి, "కింద వరసలో ఒకటి పుచ్చిందండీ" అన్నాడు.

"అయితే మీరిందాక గుర్తు లేదన్నారేం మేడమ్?"

"వీడు ఊరందరికీ చెవుల డాక్టరులా తిరుగుతున్నాడు కదండీ. పరాయివాళ్ళ ముందు పదకొండు మార్కులు ఎలా బయటపెట్టను? పెడలు పోతే పోయింది." అని ముక్కు తుడుచుకుని, వెంటనే, "పదకొండేమిట్రా, కనీసం పన్నెండు తెచ్చుకోలేకపోయావా!" అంది.

*

డాక్టరు ఒకటో పెడల్ని రెండు చేతులా అందించాడు. "మీదేనండీ. సంతకం కన్నా పెద్ద సాక్ష్యముంటుందా?"

అక్క మూత బిగించి, వైరు పెట్టి, మీటింది.

కీఇఇఇ.

మళ్ళీ మీటింది. దోమ దోమే. అక్క మొహంలో వెలుగు ఆ స్వరంలాగే గుటుక్కుమంది. "డబ్బా నాదే" అంది. "సౌండు నాది కాదు. ఇన్నేళ్ళు బీరువాలో ఉండి ఉండి చచ్చిపోయింది పాపం."

అప్పుడు బావ లేచాడు. ఏమీ అనకుండా అక్క కాలిదగ్గరి పెడల్ తీసి, వైరుతో సహా తీసుకెళ్ళి వాల్వుల యాంప్ నెత్తిన, వెనక వేడిగాలి బయటికొచ్చే చోట పెట్టాడు. గోడ దగ్గరికి వెళ్ళి ఏసీ ఆపాడు.

"పదినిమిషాలు ఆగండి" అన్నాడు.

"దేనికండీ?"

"దానికి చలేస్తోంది."

డాక్టరు ముఖం చూస్తే బావకి మతి పోయిందనుకున్నట్టే ఉంది. బావ జేబు తడుముకున్నాడు, మిషన్లు చెవుల్లోనే ఉన్నాయని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పారిపోవడానికి పెరడు కూడా లేదు.

"అది ఆ కాలపు సరుకు" అన్నాడు, నేల చూస్తూ. "లోపలి ట్రాన్సిస్టర్లకి చలి పడదు. నాకప్పుడు ఇదంతా తెలీదు. నా డ్రమ్ములకి స్టేజి అదిరి డబ్బా అటూ ఇటూ నడిచిపోయేది. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఎవరైనా తొక్కుతారని నేనే తీసి యాంప్ మీద పెట్టేవాణ్ణి. మళ్ళీ నీ కాలిదగ్గర పెట్టేటప్పుడు చెయ్యి కాలేది. నువ్వు విన్న సౌండంతా ఆ వేడి మీద సౌండే."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేమండీ?"

"చెబితే... ఆఖరిరోజు కూడా నేనే పెట్టానని తెలిసిపోతుంది కదా. ఆ రోజు యాంప్ మనది కాదు, హాలుది. వీడు పాపం నేలంతా వెతికాడు. డబ్బా యాంప్ నెత్తినే ఉండిపోయింది."

చెవులు నెమ్మదిగా బావ వైపు తిరిగాడు. "బావా! ఇరవై తొమ్మిదేళ్ళు! నేను పోగొట్టలేదు! కుక్కరు విజిలు నేను పోగొట్టలేదు! కత్తెర నేను పోగొట్టలేదు!"

"కత్తెర నువ్వే" అంది అక్క. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమో అని డాక్టరు దూది అందించాడు. ఏడుపు కాదు, నవ్వు. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత కుర్చీ మొత్తంతో నవ్వింది. కాలు మీటకి తగిలి కుర్చీ వెనక్కి వాలిపోయింది, ఆవిడ వాలిపోయి కూడా నవ్వుతూనే ఉంది. "ఒకడు కాగితం దాచాడు, ఒకరు నేరం దాచారు, నేను సంతకం దాచాను. పిచ్చి డబ్బా ఒక్కటే ఏమీ దాచకుండా బీరువాలో కూర్చుంది!"

డాక్టరు చెయ్యి చాపి పెడల్ మీద పెట్టి చూశాడు. "కాలుతోందండీ!"

"కళ్ళకి కట్టండి" అన్నాడు చెవులు.

"ఇంకా దేనికండీ? మీదేనని తేలిపోయింది కదా!"

"డబ్బా తేలింది. సౌండు తేలలేదు. కట్టండి."

తువ్వాలు కట్టారు. బావ వేడి డబ్బాని చొక్కా అంచుతో పట్టుకుని, ఉస్ ఉస్ అంటూ అక్క కాలిదగ్గర పెట్టాడు. అక్క వాలిన కుర్చీలోనే, పైనున్న లైటు చూస్తూ మీటింది.

ఘ్ర్‌ర్‌ఝుమ్‌మ్‌మ్‌మ్‌మ్...

మొదట గరుకు. లోపల మెత్తన. రంపం తేనెపట్టులోకి దిగింది, తేనె బొట్టుబొట్టుగా కారింది, ఎక్కడో అడుగున ఏనుగు దుప్పటి సర్దుకుంది. అక్క చెప్పిందీ నిజమే, తనూ చెప్పిందీ నిజమే! స్వరం చావనంటే చావనంది. చివరికి పోతూ పోతూ కూడా గుమ్మం దగ్గర నిలబడి ఇంకో రెండు ముక్కలు మాట్లాడింది. రెండు తీగలు కలిస్తే కొత్త కాపురంలా కిలకిలలాడాయి. వాల్యూము తగ్గిస్తే గాజుగిన్నె. పెంచితే మళ్ళీ ఘ్ర్‌ర్! అరలోని పళ్ళ అచ్చులన్నీ పటపటా పటపటా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఊరిలోని పళ్ళన్నీ ఒక్కసారిగా తాళం వేసినట్టుంది. బావ స్టీలు పళ్ళెం లాక్కుని పళ్ళు చూసే రెండు అద్దం కాడలతో వాయించాడు. చెవులు అమ్మిన కొత్త కుడిచెవి మిషను గోల చేస్తోందని డాక్టరు తీసి చూసుకుని, మిషను బాగానే ఉందని తెలుసుకుని, మళ్ళీ పెట్టుకుని గంతులేశాడు.

గంతల కింద చెవులుకి బుగ్గలు తడిశాయి. "ఇదే!" అని అరిచాడు. "అక్కా, ఇదే!"

పాట మధ్యలో, కుర్చీలో వెల్లకిలా పడుకునే అక్క జవాబిచ్చింది.

"ఆ మాట గంట క్రితం చెప్పాల్సింది! ఒక మార్కు కలుపుతున్నా, పన్నెండు!"

"మరి నాకో?" అన్నాడు బావ పళ్ళెం మీద దరువు ఆపకుండా.

"మీకు సున్నా! మళ్ళీ రాయండి!"

బావ ఒక చెయ్యి ఖాళీ చేసుకున్నాడు. అలవాటుగా చెవి దగ్గరికి పోయింది ఆ చెయ్యి. ఈసారి మాత్రం మిషను తియ్యలేదు, వాల్యూము ఆఖరి గీత దాకా పెంచాడు.